పుసా అన్న ఒక్క మాట

మా నాన్న సైకిలు చైన్ కవరు మీద తన పేరు రాసుకోలేదు, అమ్మ పేరు రాశాడు. తెల్ల రంగుతో, తన చేత్తోనే, ఐదు అక్షరాలు. ఊళ్లోవాళ్లు ఆటపట్టించినా చెరపలేదట. నాకు ఊహ తెలియకముందే ఆయన పోయాడు. ఫొటో ఒక్కటీ లేదు. ఆయన గుర్తంటూ మాకు మిగిలింది ఆ అక్షరాలే.

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో మా ఇంటి వెనక రేకుల కింద ఏళ్లకేళ్లు పడున్న ఆ సైకిలును బాగుచేయించాలన్న బుద్ధి నాకే పుట్టింది. అమ్మ భయపడింది. "ఏమన్న మార్పియ్యి. పేరు జోలికి మాత్రం పోకు బిడ్డా," అన్నది. నేను ఏదీ మార్చేది లేదన్నాను. పగిలిన తోలు సీటు, సొట్టపడ్డ గంట, వెలిసిన నల్లరంగు అన్నీ అలాగే ఉండాలి. టైర్లు, ట్యూబులు, బేరింగులే కొత్తవి. పాత సామాను తెలిసినవాడని అహేరిలో ఒక మిస్త్రీకి అప్పగించాను. ఆయన మరాఠీ మనిషి. మొత్తం రంగు కొడితే పెళ్లికొడుకులా ఉంటుందన్నాడు. రంగు వద్దని, తుప్పు ఆగడానికి నూనె చాలని నచ్చజెప్పి వచ్చాను.

ఒకరోజు పొద్దున ఆయన ఫోన్ చేసి, పేరును ఏం చేయమంటారని అడిగాడు. "పుసా," అని ఫోన్ పెట్టేశాను. అక్షరాల మీద కూడా కాస్త నూనె పూయమని నా ఉద్దేశం. నేను నది అవతల తెలుగు బడిలో చదివినదాన్ని. నా మరాఠీలో సగం, తెలుగును వంకర తిప్పినదే.

పక్కన జడ వేసుకుంటున్న నా కూతురు మరాఠీ బడిలో చదువుతోంది. అది చెయ్యి ఆపి నావైపు చూసింది. "పుసా అంటే పూయుమని కాదు మమ్మీ. తుడువుమని."

వెంటనే మిస్త్రీకి తిరిగి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. నా మొహం చూసి ఏమైందని అమ్మ అడిగితే, సైకిలు తయారైందట, తేవడానికి పోతున్నానని అబద్ధమాడాను. అయితే తానూ వస్తానని చీర మార్చుకుంది. ఇద్దరం బస్సెక్కాం.

బస్సు అడవిలోకి రాగానే సిగ్నలు పోయింది. గుంతల్లో నెమ్మదిస్తే డ్రైవరు మీద కోపం, వేగం పెంచితే అక్కడ ఏం చూడాల్సి వస్తుందోనని భయం. అమ్మ మాత్రం ఆ సైకిలు మీద నాన్నతో పెర్మిలి దాకా పోయిన సంగతి చెబుతూనే ఉంది. ఒక్క ముక్క నా చెవికెక్కలేదు. దేవుడా, ఆ మిస్త్రీకి ఇవాళ జ్వరం తెప్పించు అని మొక్కుకున్నాను. అలా మొక్కుకున్నందుకు నాకేం సిగ్గు లేదు.

జ్వరం రాలేదు. దుకాణం ముందు ఆయన చాయ్ తాగుతున్నాడు. పక్కన కిరోసిన్‌లో తడిపిన గుడ్డ. పేరులో మొదటి రెండు అక్షరాలు లేవు. చాయ్ కోసం ఆగాడు కాబట్టి మిగతా మూడూ ఉన్నాయి. చెప్పినట్టే చేస్తున్నానని మమ్మల్ని చూసి నవ్వాడు.

అమ్మ వంగి, ఖాళీ అయిన చోట వేలు పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. నేను చేసిన ఘనకార్యమంతా ఏడుస్తూ చెప్పేశాను. అమ్మ నిటారుగా నిలబడింది.

"ఇగ ఏడువకు. మీ నాయిన నన్ను గంతే పిలుస్తుండె. మొత్తం పేరుతోని ఎన్నడు పిలువలే."

ఆ సంగతి అంతకుముందు అమ్మ నోట నేనెన్నడూ వినలేదు. నిజమో, నా కోసం అప్పటికప్పుడు అల్లిందో తెలియదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. ఇప్పటికీ అడగలేదు.