మా అత్త దయ్యమైన పుస్తకం

మొన్న పొల్లాచ్చి సంత చూసుకుని కోయంబత్తూరు బస్సులో వస్తున్నాను. ఒళ్లో రెండు కొబ్బరికాయలు, కాళ్ల దగ్గర సంచి. నా ముందు కమ్మీ పట్టుకుని నిలబడ్డ కాలేజీ పిల్ల బనియన్ మీద మా అత్త ఉంది. టీషర్టు అంటారే, ఆ నల్ల బనియన్, దాని మీద రేడియం పచ్చరంగులో మొహం, పత్తి పోగులై పాకుతున్న జుట్టు, సుడులు తిరుగుతున్న కళ్లు, కుడి చెంప మీద పుట్టుమచ్చ. బస్సు కుదిపినప్పుడల్లా అత్త నావైపే చూస్తోంది. "ఏం అవ్వా, భయంగా ఉందా?" అని ఆ పిల్ల తమిళంలో నవ్వుతూ అడిగింది. "భయమేముందమ్మా, మా నాయన చెల్లెలే కదా" అన్నాను. పాపం, ఆ పిల్ల రెండడుగులు వెనక్కి జరిగింది.

మా వంశంలో పెళ్లికాకుండానే చనిపోయిన ఆడబిడ్డ ఇంటి సామి అవుతుంది. ఆమెకని ఒక వెదురు పెట్టె ఉంటుంది. ప్రతి ఏడూ ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, అందులో కొత్త చీర మడిచిపెట్టి, కర్పూరం చూపించి, పాత చీర ఇంటి ఆడపిల్లల్లో ఒకరికి ఇస్తాం. మా పెట్టెలో ఉన్నది ఈ అత్తే. "చాలా శాంతమైన సామి" అని మా అన్న వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. శాంతం సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిన అత్త నన్ను భుజానెక్కించుకుని పక్కతోటలో మామిడికాయలు కోయించేది, ఈల వేసేది, మా తాత దగ్గు అచ్చం ఆయనలాగే దగ్గి పాలేర్లను పరుగెత్తించేది. మదురైలో నర్సు చదువుకు చోటు దొరికిందని ఆమెకు కాగితం వచ్చింది. తాతేమో పెళ్లి కుదిర్చి ఉన్నాడు. అత్త సంచి సర్దుకుంది. బుద్ధి వచ్చేదాకా ఉండనీ అని తాతా, మా నాయనా పత్తి కొట్టులోకి తోసి గొళ్లెం పెట్టారు. రెండో రోజు జ్వరం వచ్చింది, నాటకమన్నారు. మూడో రోజు తలుపు తీసేసరికి అయిపోయింది. నాకప్పుడు ఏడేళ్లు. తలుపు బయట నన్నే కాపలా కూర్చోబెట్టారు. జ్వరంలో అత్త లోపలి నుంచి మాట్లాడుతూనే ఉంది. "పాపా, గోడలో నెమళ్లు నడస్తా ఉండాయే. పచ్చగా. పత్తికాయలకి కండ్లు వచ్చినాయి, చూడు."

నా కొడుకు కూతురు తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో బొమ్మలు గీస్తుంది. ఏదో చలిదేశంవాళ్లు తొడుక్కోవడానికి పుర్రెలు, పువ్వులు, పుర్రెల్లో పువ్వులు. ఒకరోజు వచ్చి, "వాళ్ల పుర్రెలు చాలు అవ్వా. నాదని ఒక పగ తీర్చుకునే కథ గీయాల" అంది. చిన్నప్పటి నుంచి నా దగ్గర విన్న అత్త కథనే ఎత్తుకుంది. పుస్తకం అచ్చువేసేవాళ్ల కోసం ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. కంపెనీలో మిగిలిపోయిన రేడియం రంగులు, పక్కన పారేసే గుడ్డ ముక్కలు అడిగి తెచ్చుకుంది. ఆదివారాలు స్నేహితురాలి ప్రింటింగ్ షెడ్డులో అచ్చు వేసేది. కాగితం లేదు, అన్నీ గుడ్డ పేజీలే. కుట్టడం నా పని. జాకెట్లు కుట్టి కుట్టి అరిగిన నా మిషనుకు దయ్యాల పుస్తకం రాసిపెట్టి ఉంది. అందులో ఒక్క మాట లేదు. ఏమే అంటే, మూడో తరగతితో ఆగిన నన్ను చూసి, "నువ్వు చదవలేని పుస్తకం నాకెందుకు?" అంది.

మా అన్నకు తెలిసి ఊగిపోతూ వచ్చాడు. "ఇంటి సామిని పేయి చేసి బనియన్ గుడ్డ మీద ఏస్తారా? కండ్లు పోతాయి!" పేయి అంటే మా వైపు దయ్యం. మనవరాలు తల ఎత్తకుండానే, "కర్పూరం చూపిస్తే సామి, చూపించకపోతే పేయి. మనిషి ఒకరే కదా పెద్దతాతా?" అంది. అన్న కాసేపు గుర్రుమన్నాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మ మీదికి వంగాడు. "మచ్చ ఎడమ చెంప మీద పెట్టినావే. కుడి చెంప. తెలీకపోతే అడగాల!" అది మొదలు ప్రతివారం తిట్టడానికని వచ్చి, అత్త నడక, అత్త సంచి రంగు చెప్పిపోయేవాడు.

పగ బాగా తీరింది. తాత అరవడానికి నోరు తెరిస్తే పత్తి పొంగుతుంది, పేజీ నిండినా ఆగదు. మా నాయన దారమై కదురుకు చుట్టుకుపోతాడు. కన్నతండ్రిని కదురుకు చుట్టడం చూసి నవ్వాను, చెంపలు వేసుకున్నాను, మళ్లీ నవ్వాను.

మొదటి పేజీలో అత్త జుట్టు తలుపును బద్దలు కొట్టుకుని బయటికి రావాలి. ఆ తలుపు సరిగా గీయాలని మనవరాలు మా పాత ఊరికి పోయింది. పత్తి కొట్టులో ఇప్పుడు ఎవరిదో ఎండుకొబ్బరి ఉంది, తలుపు మాత్రం అదే. నేను చిన్న ఉల్లిపాయలు వలుస్తుంటే వచ్చి పక్కన కూర్చుని ఫోన్‌లో ఫోటో చూపించింది. "అవ్వా, గొళ్లెం నీకు అందలేదని చెప్తివి కదా. ఇది నా నడుము దగ్గరే ఉండాదే."

కన్నీళ్లను ఉల్లిపాయల మీదికి నెట్టేయొచ్చు. నెట్టలేదు. "అందింది కన్నూ. తియ్యి పాపా, నీళ్లు తాగి మళ్లా వచ్చేస్తా అని అత్త అనె. తాత కొడతాడని నేను తియ్యకపోతిని. అప్పట్నుంచీ అందరికీ అందలేదనే చెప్తా ఉండా. నన్నూ అత్త చేత మింగించు నీ పుస్తకంలో."

మనవరాలు చాలాసేపు ఉల్లిపాయలు వలిచింది. వలిచినవే మళ్లీ వలిచింది. "మింగదు. ఏడేండ్ల పిల్లని మింగితే ఆమె నీ అత్త ఎట్లా అవుతాది? చూస్తాది, అంతే. చూస్తానే ఉంటాది" అంది. చివరి పేజీలో అదే ఉంది: గోడ పక్క మోకాళ్లు ముడుచుకున్న పిల్ల, పేజీ అంతా అత్త కళ్లు.

నేను ఒక్కటే అడిగాను. తలుపు బద్దలు కొట్టించవద్దు, ఎవరో ఒకరు తియ్యాలి అని. అప్పుడు మొదటి పేజీ మార్చింది. గుడ్డ తలుపు, గొళ్లెం ఉండాల్సిన చోట ఒక టిచ్ బటన్. చదివేవాళ్లు వాళ్ల చేత్తో తీస్తేనే అత్త, భుజాన సంచితో, బయటికి వస్తుంది. నూరు పుస్తకాలకు నూరు తలుపులు నేనే కుట్టాను. సరిగా తెరుచుకుంటుందో లేదో చూడాలి కదా, మొదటిది తీయడానికి నాకు ఒక పూట పట్టింది. మిగతావన్నీ ఒక్కొక్కటిగా తీశాను. ఆ ఏడు ఆడి నెలలో మా అన్న ఒక పుస్తకం అడిగి పట్టుకెళ్లి, పెట్టెలో కొత్త చీర కింద పెట్టాడు. "సామికి చెప్పకుండా అచ్చేస్తే బాగుండదు" అన్నాడు.

అత్త బొమ్మ బనియన్లు మనవరాలు ఆ తర్వాత వేసినవి. మొన్న బస్సు దిగేటప్పుడు "వస్తానత్తా" అన్నాను. ఆ పిల్ల తనతో అన్నాననుకుని తల ఊపింది. ఏడేళ్లకే అందిన గొళ్లెం దాకా నా చేయి పోవడానికి అరవై ఏళ్లు పట్టింది.