బండల ట్రాలీ మీద చిన్న ట్రాక్టర్

నేను పాలిటెక్నిక్ చదువు ముగించి ఇంటికి వచ్చిన ఎండాకాలంలోనే మా మేనత్త ఎద్దులు రెండూ గాలికుంటుతో పోయాయి. ఆమె ఊరు కోస్గికి దగ్గర. మామ లేడు. వానకు పండే చెలక, గొర్లమంద అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. మళ్ళీ ఎద్దులే కొంటుందని అందరూ అనుకున్నారు. ఆమె మందలో సగం అమ్మి, పాలమూరు శివారులో ఒక ద్రాక్ష తోటవాళ్ళు వదిలించుకుంటున్న చిన్న ట్రాక్టర్‌ను నాగలితో సహా కొన్నది. పందిళ్ళ మధ్య తిరగడానికి చేసిన బండి అది. దాని బానెట్ నా నడుము దాటదు.

బేరం కుదిరిన మరునాడే తొలకరి పడింది. చెలకలో పదును నాలుగు రోజులు నిలిస్తే ఎక్కువ. అది ఆరేలోపు దున్ని విత్తకపోతే ఆ కారు జొన్న మీద ఆశ వదులుకోవాల్సిందే. అడిగి తెచ్చుకుందామన్నా ఊళ్ళో ఎవరి ఎద్దులు వాళ్ళ చెలకల్లోనే ఉన్నాయి.

ట్రాక్టర్‌ను నడుపుకుంటూ పోవడానికి లేదు. వెనక టైర్ల పక్కలు పగుళ్ళు పట్టాయి. మెత్తటి మట్టిలో పనికొస్తాయి గానీ అంత దూరం కంకర రోడ్డు మీద నిలవవు. దేని మీదైనా ఎక్కించి తీసుకుపోవాలి. బాపు నన్ను అత్త వెంట పంపిస్తూ, "చదువుకున్నవు గద, జర మంచిది చూసి కిరాయికి మాట్లాడు," అన్నాడు.

పాలమూరులో పత్తి మిల్లు వెనక ట్రాలీలు కిరాయికిచ్చే జాగా ఉంది. యజమానే డ్రైవరు. అతని పెద్ద ట్రాక్టర్ పక్కన మూడు ట్రాలీలు నిలబడి ఉన్నాయి. అత్త నేరుగా పచ్చరంగు వేసిన దాని దగ్గరికి పోయింది.

"గిది చిలక లెక్క ఉన్నది. గిదే తీస్కుందాం అల్లుడా."

"అత్తా, పొట్టేలు కొనేటప్పుడు ఉన్ని చూస్తవా, నోరు తెరిచి పండ్లు చూస్తవా?"

"పండ్లే. ఉన్ని జూసి కొనేటోడు గొర్లు కాయడు, ఆడే గొర్రె అయితడు."

"మరి దీని పండ్లు గూడ చూడనియ్యి."

నాకు ఒక వరుస ఉంటుంది. ముందు చక్రాలు, తర్వాత ఇరుసు, తర్వాత చెక్కలు, చివరికి గుంజే ట్రాక్టర్‌కు తగిలించే కొక్కెం. పచ్చదాని చక్రాలు గట్టివే. కానీ దాని అడుగు నా రొమ్ము ఎత్తున ఉంది, చక్రాల మధ్య ఎడం తక్కువ. పైన ట్రాక్టర్ కూడా ఎక్కితే రోడ్డు ఒక పక్కకు వాలిన చోట మొత్తం బోర్లా పడుతుంది. రెండోది నాలుగు చక్రాలది, పొడుగైనది. దాని కొక్కెంలో చీల ఉండాల్సిన చోట ఒక వంగిన కడ్డీ దూర్చి తీగ చుట్టారు. ఆ తీగను డ్రైవరుకు చూపించాను.

"మూడేండ్ల సంది ఊడలే," అన్నాడతను.

"అయితే గియ్యాల ఊడుతది," అన్నది అత్త.

మూడోది తాండూరు నుంచి బండలు మోసే ట్రాలీ. రంగు లేదు, పక్క చెక్కలు లేవు, ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. అడుగు మాత్రం మోకాలెత్తే. చక్రాలు ఎడంగా ఉన్నాయి. పట్టుకుని ఊపితే కదలలేదు. గొలుసులు కట్టుకోవడానికి నాలుగు మూలలా ఇనుప కడియాలున్నాయి. నాకు ప్రాణం లేచివచ్చింది.

అత్త మూతి ముడిచింది. "సున్నంల పొర్లిన దున్నపోతు లెక్క ఉన్నది."

"దున్నపోతే అక్కా బరువు గుంజేది," అన్నాడు డ్రైవరు.

దాన్నే మాట్లాడుకుని ద్రాక్ష తోటకు పోయి, మందపాటి చెక్క దిమ్మెలు ట్రాలీకి ఏటవాలుగా ఆనించాం. నేను ట్రాక్టర్‌ను వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించబోతుంటే అత్త అడ్డం వచ్చింది.

"ఎనకకా? కొత్త కోడలు ఎనకకు నడుసుకుంట వస్తదా? ఊరంత నవ్వుతది!"

"ముందుకెక్కిస్తే ఏటవాలు కాడ మూతి లేస్తదత్తా. లేసిందంటే ఎల్లెలకల పడి నన్ను కింద ఏసుకుంటది. ఇంకొకటి. ఎడ్లబండిల బరువంత ఎనక ఏస్తే ఏమైతది?"

"కాడి లేస్తది. ఎద్దు మెడకు పలుపు బిగుస్తది."

"దీని బరువంత ఎనక చక్రాల కాడనే ఉన్నది. గిట్ల ఎక్కిస్తే గా బరువు ట్రాలీ ఇరుసుకు జర ముందటికి వస్తది."

ఆమె "గట్ల చెప్పు మరి," అని పక్కకు జరిగింది. "దీని మొకం సంగతి మాత్రం నేను మర్వ."

బ్రేకు వేసి, గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్ళు దూర్చి, నాలుగు మూలలా గొలుసులు బిగించాం. అత్త ప్రతి గొలుసునూ గుంజి చూసింది. తర్వాత పెద్ద ట్రాక్టర్ మడ్గార్డు మీద ఒక పక్క ఆమె, ఒక పక్క నేను ఎక్కాం.

దారిలో ఒక హోటల్ ముందు కూర్చున్న ముసలాయన కేకేశాడు: "ఓ చెల్లే! నీ ట్రాక్టర్ అలిగిందా ఏంది? పుట్టింటి దిక్కే సూస్తాంది!"

"అలగదా మరి! నీ అసొంటోని మొకం ఎదురొస్తదని దానికి ముందే ఎరికైంది!"

హోటల్ మొత్తం నవ్వింది. అత్తే అందరికంటే ఎక్కువ నవ్వింది.

కానీ ఎండ ముదిరింది. రెండు పక్కలా చెలకల్లో అరకలు తిరుగుతున్నాయి. గొలుసులు చూడ్డానికి నేను బండి ఆపించినప్పుడల్లా ఆమె మట్టి వైపే చూసేది.

"పదును పోతాంది కొడుకా."

"ట్రాక్టరే పడితే పదునుతోని ఏం జేస్తమత్తా?"

ఒక వాగులోకి దిగే ముందు చూస్తే ఒక గొలుసు రెండు వేళ్ళు దూరేంత వదులైంది. ఈసారి ఆమె కూడా దిగి వచ్చి, నేను బిగిస్తుంటే పళ్ళు బిగబట్టి తనూ గుంజింది. పెద్ద ట్రాక్టర్‌ను చిన్న గేరులో పెట్టి మెల్లగా దిగి, అవతలి గట్టు ఎక్కేసరికి ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం.

ఊరి పొలిమేరకు చేరగానే అత్త డ్రైవరు భుజం తట్టింది. "ఆగు తమ్మి. బండిని తిప్పు. ట్రాలీ తోక ఊరి దిక్కు పెట్టు."

అతను తిప్పాడు. ట్రాక్టర్ ముఖం సూటిగా ఊరి వైపు వచ్చింది. నాకు తట్టని సంగతి అది. వెనక్కి ఎక్కింది కాబట్టి ఇప్పుడు ముందుకే దిగుతుంది. దిమ్మెల మీదుగా నేను దింపుతుంటే ఆమె పక్కనే నడుస్తూ, "కుడికాలు, కుడికాలు!" అని అరిచింది. ట్రాక్టర్‌కు కుడికాలేదని డ్రైవరు అడిగితే, "నీకెందుకు, నువ్వు సూడు!" అన్నది.

ఇంటి ముందు ఆడవాళ్ళు హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నారట. అత్త అటు పోనివ్వలేదు.

"ఇల్లు యాడికి పోదు. చెలకకు తోలు."

చెలకలో వంగి ఇంత మట్టి తీసి పిడికిట్లో నొక్కింది. ముద్ద నిలిచింది, పదును ఇంకా ఉంది. దాన్ని నా ముఖం ముందు పెట్టి చూపించి, విత్తనాలు కొంగులో పోసుకుంది.

కాగితం మీద నేను ఎన్ని గీతలైనా తిన్నగా గీస్తాను. ఆ రోజు తీసిన సాళ్ళు మాత్రం పాము పోయినట్టు పోయాయి. వెనక జొన్నలు వేస్తూ అత్త, "వంకరైతే ఏంది, నువ్వు ఆపకు!" అని కేకలేస్తూనే ఉంది. ఎదురుచూసి చూసి ఆడవాళ్ళే పళ్ళెం పట్టుకుని చెలక దాకా వచ్చారు. నేను సాలు మధ్యలో ఆపలేదు. వాళ్ళే చీరలు ఎత్తి పట్టుకుని, మట్టిలో పడుతూ లేస్తూ ట్రాక్టర్ పక్కన నడిచి, నడుస్తూనే హారతి తిప్పారు.