వెనక కనిపించిన కొండ

మా పెద్దమ్మని మా వీధిలో అందరూ ‘గడ్డం మేడం’ అనేవాళ్లు. ఆవిడకి గడ్డం ఉండి కాదు. స్టూడియోలో స్టూలు మీద కూర్చున్నది జడ్జీగారైనా సరే, ఆయన గడ్డం కింద వేలు పెట్టి “కొంచెం పైకి” అనేది. ఆ పేరు ఆవిడ చెవినా పడింది. “మీసాల మేడం అనలేదు, అంతే చాలు” అంది.

ముప్పై ఏళ్లు పాస్‌పోర్టు ఫొటోలూ, స్కూలు గ్రూపు ఫొటోలూ తీసింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే “వెలుతురు సరిగ్గా పడలేదు” అనేది. నేను ఆవిడ చెల్లెలి కూతుర్ని. చదువు అబ్బలేదని మా అమ్మ తీసుకెళ్లి ఆ స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తల వెనక నీడ పడితే పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు ఫొటో తిప్పి పంపేస్తారు. అందుకని పెద్దమ్మ నాకు మొదటి రోజే చెప్పింది, వెనక చీకటి కనిపిస్తే వెలుగు పెంచి లేపెయ్యమని. రెండేళ్లకి ఆ పని నా చెయ్యే చేసుకుపోయేది, బుర్రని అడిగేది కాదు.

ఆదివారాలు మాత్రం ఆవిడ మనుషుల్ని వదిలేసి ఊరి బయట చెరువు దగ్గర పక్షుల్ని తీసేది. వేరే దేశంలో డేగల్ని కాపాడే సంస్థ ఒకటుంది. జీతం లేకుండా ఫొటోలు తీసిపెడతాను, నన్ను రానివ్వండి అని వాళ్లకి ఏటా రాసేది. నాలుగేళ్లు ఉలుకూ పలుకూ లేదు. అయిదో ఏడు, మూడు నెలలకి రమ్మన్నారు. అప్పటికి ఆవిడకి యాభై మూడు.

“ఈ వయసులో పిట్టల వెంట పడతావా అక్కా?” అంది మా అమ్మ.

“ఈ వయసులో మనుషుల వెంట పడితే బాగుండదు కదే” అంది పెద్దమ్మ.

అక్కడ డేగ పిల్లల్ని గూళ్లలోంచి దొంగిలించి ఎక్కడెక్కడికో అమ్ముకుంటారట. ఒకప్పుడు తాళ్లు కట్టుకుని కొండ చరియలు దిగి పిల్లల్ని పట్టినవాళ్లకే ఆ సంస్థ కాపలా ఉద్యోగాలిచ్చింది. వాళ్లనీ, ఆ గూళ్లనీ ఫొటోలు తియ్యడం పెద్దమ్మ పని. ఆవిడకి అప్పగించిన కాపలాదారు ముసలాయన. పది రోజులు ఆవిణ్ణి కొండ చుట్టూ తిప్పాడే తప్ప గూడు చూపించలేదు. పదకొండో రోజు రెండు భాషలూ వచ్చిన మనిషిని పిలిచి, గూడు చోటు ఎక్కడో ఎవరికీ తెలియకూడదని చెప్పించాడు. ఆవిడ ఆయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది. ఆ సంగతి ఫోన్లో నాకు చెప్పేటప్పుడు చిన్నపిల్లలా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం అంతకు ముందు నేను వినలేదు.

వారానికోసారి కొండ దిగి టౌనుకొచ్చి ఫొటోలు నాకు పంపేది. నేను మెరుగులు దిద్ది ఆ సంస్థ ఆఫీసుకి పంపేదాన్ని. పెళ్లి ఆల్బమ్‌లకీ మాది అదే పద్ధతి.

ఒక వారం ఆ ముసలాయన ఫొటో వచ్చింది. ఆయన పక్కన గూడు, గూట్లో నోళ్లు తెరుచుకుని మూడు పిల్లలు. ఆయన ముఖం మీద ఎండ. వెనకంతా కారునలుపు. పాపం పెద్దమ్మకి చూపు తగ్గింది, లెక్క తప్పింది అనుకున్నాను. చీకటి లేపాను. రెండు శిఖరాల కొండ బయటికొచ్చింది, దాని కింద వాగు మలుపు, మలుపు మీద వంతెన. నాకే ముచ్చటేసింది. పంపేశాను. ఆఫీసులో కూర్చున్నవాళ్లకీ ఏమీ తట్టలేదు. ఆ రోజే నెట్‌లో వాళ్ల పేజీలో పెట్టేశారు.

ఫొటో పేజీలో పెట్టిన పన్నెండో రోజుకి గూడు ఖాళీ.

రాతి మీద తాడు ఒరుసుకున్న గుర్తులున్నాయట. అందరూ ముసలాయన్నే అన్నారు. ఒకప్పటి దొంగ కదా, పాత బుద్ధి ఎక్కడికి పోతుంది అన్నారు. ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పుడు పెద్దమ్మ ఆఫీసుకి వెళ్లి పేజీలో ఫొటో చూపించి, “వెనక చోటు తెలిసేలా వెలుగు పెంచి పంపింది నేనే. ఆయన తప్పేమీ లేదు” అని చెప్పింది. ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఆవిణ్ణి నెల మిగిలి ఉండగానే పంపించేశారు. ఇంకెప్పుడూ రాయొద్దన్నారు.

ఇంటికొచ్చి మా అమ్మతో “పొరపాటు చేశానే” అంది. నేను అక్కడే ఉన్నాను. చీకటి లేపింది నేనని ఒప్పుకోలేదు. ఆవిడకి అసలు సంగతి తెలుసో లేదో అడిగే ధైర్యం కూడా లేకపోయింది. బయల్దేరే రోజు ఆ ముసలాయన తన గుమ్మంలో నిలబడి చూశాడట, బయటికి మాత్రం రాలేదట. అది ఒక్కసారే చెప్పింది. పక్షుల కెమెరాని బీరువాలో పెట్టేసింది. ఆదివారాలు కూడా స్టూడియో తెరవడం మొదలుపెట్టింది. ఆరేళ్లు నేను అదంతా చూస్తూ పక్కనే కూర్చుని జీతం తీసుకున్నాను. పిరికిదాన్ని, ఇంకేమనాలి?

ఆరేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తూ ఉండబట్టలేక అనేశాను. “పెద్దమ్మా, ఆ చీకటి లేపింది నేను.”

“నాకు తెలుసే” అంది. “నేను తీసిన ఫొటో నాకు తెలియదా?”

“మరి వాళ్లకి చెప్పలేదేం?”

“అప్పటికి నీకు పాతికేళ్లు కూడా లేవు. పైగా చోటు తెలియకూడదని కావాలనే వెనక నల్లగా తీశాను, దీన్ని ముట్టుకోకు అని నేనొక మాట అనాల్సింది. అనలేదు.” నా చేతిలో కత్తెర తీసి పక్కన పెట్టి, “నాకో పని చేసిపెట్టు. ఆ ముసలాయనకి నిజం రాయి. వాళ్లేమనుకున్నా నాకు బాధ లేదు. ఆయన మాత్రం నేను మాట తప్పాననుకుంటున్నాడు. అదే నన్ను తినేస్తోంది” అంది.

ఆ పూటే ఆ సంస్థ ఆఫీసుకి రాశాను, ఆయనకి చదివి వినిపించమని. ఆ తర్వాత మూడు వారాలు పెద్దమ్మ రోజూ నాకంటే ముందొచ్చి కంప్యూటర్ వేసి ఉంచేది. నేను చెప్పులు విప్పకముందే “వచ్చిందా?” అనేది. ఆరేళ్లలో ఆవిడ ముఖంలో అంత కళ చూడలేదు.

జవాబు వచ్చింది. ముసలాయన పోయిన వానాకాలంలో చనిపోయాడు. చివరిదాకా కాపలా పనిలోనే ఉన్నాడు. ఇప్పుడు ఆయన కూతురు చేస్తోంది.

ఏదో ఒకటి కల్పించి చెబుదామా అనిపించింది. రెండోసారి మోసం చెయ్యడానికి మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు చదివాను.

పెద్దమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. “అయితే నేనే మాట తప్పాననుకుని పోయాడన్నమాట” అంది.

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆరేళ్లు ఆగాను నేను. ఒక్క ఏడాది ముందు నోరు విప్పినా సరిపోయేది.