పందెంలో కారు ఆపిన ఎర్రిస్వామి

పదేళ్ల కిందట, యాభై దాటాక పట్టిన పిచ్చి అది. మా ఇంటి టీవీకి వీడియో గేమ్ తగిలించి నేనూ, గుమ్మఘట్ట ఎర్రిస్వామీ కార్ల పందేలు ఆడేవాళ్లం. వాన పడి పదునున్న రోజు కూడా శెనక్కాయ విత్తడం మానేసి వచ్చేవాడు. అతన్ని నేను ఒక్కసారీ గెలవలేదు. చాలా ఏళ్లకు ఈ రోజు అతను రాగానే, ఈసారైనా గెలవాలని పాత గేమ్ అటక మీంచి దింపాను. పందెం సగం దారిలో అతను తెర మీద కారు ఆపేశాడు.

“ఏమప్పా, నిలబెట్టినావ్? తోలు!”

“ఉండన్నా. రోడ్డు పక్కన చేను ఎంత పచ్చగుండాదో చూడు. ఈళ్లకు వానలు పడినాయా, బోరేసినారా?”

దాటిపోతే నాకది తొలి గెలుపు. నేనూ పక్కనే ఆపాను. మిగతా కార్లన్నీ వెళ్లిపోయాయి. ఆ చేన్లో ఏం పంటో మాత్రం మాకు తేలలేదు. ఆ ఆట ఆడినవాళ్లుంటే చెప్పండి.