ఏబీ, బీఏ, నా పరీక్ష ఫారం

ఒక శాస్త్రాన్ని రెండే రెండు లైన్లలో కూల్చేసిన ఘనత నాది. ఆ కూలింది నా నెత్తినే పడి, ఎమ్మెస్సీ కాస్తా దానికింద నలిగిపోబోయిన వైనం చెబుతాను. లెక్కలంటే భయమున్నవాళ్లు కూడా నిశ్చింతగా కూర్చోవచ్చు. అప్పట్లో నాకూ రావు.

అరవై తొమ్మిది ప్రాంతం. చిక్కడపల్లిలో అద్దె గది, అందులో నేనూ, నా క్లాసువాడే సిద్దిపేట యాదగిరీ. మా ఆల్జీబ్రా మాస్టారు విశ్వనాథంగారిదొక పద్ధతి. ప్రతివాడూ బోర్డు మీద ఒక సిద్ధాంతం రుజువు చేయాలి. చేస్తేనే పరీక్ష ఫారం మీద సంతకం. లేదంటే ఇంకో ఏడాది అదే బెంచీ.

ఆ ఆల్జీబ్రాలో అంకెలుండవు. అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. వరస మారితే ఫలితం మారిపోవచ్చు. తలంటు లాంటిదన్నమాట. నూనె ముందు, కుంకుడురసం తర్వాత. అటుదిటు చేసినవాడు జిడ్డోడుతూ పెళ్లికి వెళ్తాడు.

నా వంతుకొచ్చిన సిద్ధాంతం ఇది: ఒక అక్షరమైనా, అక్షరాల జంటైనా వెంటవెంటనే రెండుసార్లు వస్తే మాయమైపోతుందనుకుందాం. అలాంటిచోట ఏబీ, బీఏ ఒకటేనని చూపాలి.

నేను రాసింది: ఏబీఏబీ, ఏఏబీబీ సమానం. రెండింటిలోనూ మొదటి ఏ, చివరి బీ కొట్టేస్తే మిగిలేవి బీఏ, ఏబీ. అయిపోయింది!

నారాయణగూడ ఇరానీ హోటల్లో యాదగిరికి చూపించాను.

“ఏందిర భై, పుస్తకంల ఆరు లైన్లుంటే నీకు రెండే ఎట్లయినయి? జర మల్ల చూస్కో.”

“గొప్ప రుజువులు పొట్టిగానే ఉంటాయిరా.”

“పొట్టిగున్నయన్ని గొప్పయే అయితే మా మ్యానమామ కలెక్టర్ కావాలె.”

కుళ్లుబోతు అనుకున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, సిద్ధాంతానికి నా పేరు పెట్టేసుకుని ఇంకో చాయ్ తాగాను.

మర్నాడు బోర్డు మీద రెండు లైన్లూ గీకి, పెళ్లికొడుకులా ఇటు తిరిగాను.

“ఏబీఏబీ కాస్తా ఏఏబీబీ ఎలా అయిందోయ్?” అన్నారు మాస్టారు.

“మధ్యలో బీఏని ఏబీగా మార్చాను సార్.”

“మార్చొచ్చని ఎవరు చెప్పారు?”

“సిద్ధాంతం ఉంది కదండీ!”

“ఏ సిద్ధాంతం?”

“ఇప్పుడు నేను రుజువు చేస్తున్నదే సార్.”

క్లాసు నవ్విన నవ్వుకి పైకప్పు పెచ్చులూడాయి. మాస్టారు మాత్రం నవ్వలేదు. “నీ రెండు లైన్లూ ఒప్పే. కారణమే తప్పు. ఆదివారం మా ఇంటికొచ్చి అసలు కారణం చెప్పు. చెప్పలేకపోతే సంతకం మాట మరిచిపో.”

మూడు రోజులు అన్నంలో కూడా అక్షరాలే కనిపించాయి. ఆదివారం పొద్దున మాస్టారింటికి వెళ్తుంటే అశోక్‌నగర్ మలుపులో బుర్రకు తట్టింది. ఏబీఏబీ అంటే ఏబీ రెండుసార్లు, కనుక మాయం. ఏఏబీబీలో ఏఏ మాయం, బీబీ మాయం. రెండూ శూన్యమే కనుక సమానం! దేన్నీ కదపక్కర్లేదు.

“మరి ఆరోజే ఈ ముక్క అనొచ్చుగా?” అంటూ సంతకం పెట్టారు మాస్టారు.

గదికి పరుగున వచ్చి ఫారం యాదగిరి ముఖానికి ఆనించాను.

“చూశావా, నాకు ఆల్జీబ్రా వచ్చేసింది!”

“వచ్చిందని ఎట్ల తెల్సు?”

“మాస్టారు సంతకం పెట్టారుగా!”

“సంతకం ఎందుకు పెట్టిండు మరి?”

“ఆల్జీబ్రా వచ్చని!”

యాదగిరి మంచం మీద పడి పొర్లాడు.

ఆ రోజే, తడిబట్టలతో, తూర్పుకు తిరిగి ప్రతిజ్ఞ చేశాను: తేల్చవలసిన మాటనే సాక్ష్యంగా ఈ జన్మలో ఇంకెప్పుడూ వాడనని. నేటిదాకా తప్పలేదు. నమ్మకం లేదా? నేను మాట తప్పే మనిషిని కానని నేనే చెబుతున్నానుగా!