బండకు బస్సంత దూరం

ఊరి ఈతకొలనులో ఇరవై రెండేళ్లుగా ఈత నేర్పుతున్న ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు పిరికి టీచరు. కొలనులో ఆవిడకు ఏ భయమూ లేదు, సముద్రమంటేనే. సెలవు రోజున ఎవరినైనా స్నార్కెలింగ్‌కి, అంటే అద్దాల మాస్కు తగిలించుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీటి మీద బోర్లా తేలుతూ చేపలు చూడటానికి తీసుకెళితే, ముందు పావుగంట ఒడ్డున కూర్చుని అలలనే చూసేది. ఒక్కోసారి చూసి చూసి సామాను సర్దుకుని తిరిగొచ్చేసేది.

ఆవిడను ఆటపట్టించడంలో చెల్లెలి భర్తది పైచేయి. బ్యాంకులో గుమాస్తా, కొలనులో మంచి ఈతగాడు. తన నలభయ్యో పుట్టినరోజుకి సముద్రంలోని బండల దగ్గరికి తీసుకెళ్లమని వదినగారి వెంటపడ్డాడు. ఆ ఉదయం సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. అయినా ఆవిడ తన పావుగంటా కూర్చుంది. బండకు ఒక బస్సంత దూరంలో ఉండాలనీ, సందుల్లో దూరకూడదనీ, పది లెక్కపెట్టినప్పుడల్లా తలెత్తి తనను చూడాలనీ చెప్పింది. అతను బుద్ధిమంతుడిలా తలూపాడు. చెల్లెలు తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది.

అరగంట బాగానే గడిచింది. ఆ తర్వాత ఆవిడ తలెత్తేసరికి మరిది పక్కన లేడు. గొట్టం కొస రెండు బండల మధ్య కనిపించింది. చారల చేప వెంట వెళ్లాడట. సరిగ్గా అప్పుడే ఆవిడకు తన కింద నీళ్లు పైకి లేస్తున్నట్టు తెలిసింది. పెద్ద అల వస్తోంది.

అల అతన్ని ఎత్తి బండకేసి కొట్టింది. మాస్కు ఊడిపోయింది. అతను రెండు చేతులతో బండను కరుచుకున్నాడు. దాని నిండా కత్తుల్లాంటి ఆల్చిప్పల పెంకులు. నీళ్లు వెనక్కి లాగుతుంటే ఒళ్లు గీరుకుపోతున్నా వదలడం లేదు.

ఆవిడ అటు రెండు బారలు వేసి ఆగిపోయింది. వెళితే ఇద్దరూ ఆ సందులోనే చిక్కుకుంటారు. కాళ్లూ చేతులూ ముందుకే పోతామంటుంటే ఉన్నచోట నిలవడం ఆవిడ వల్ల అయ్యే పనిలా లేదు, అయినా నిలిచింది.

"బండ వదిలెయ్!" అని అరిచింది, ఎప్పుడూ ‘మీరు’ అని పిలిచే మరిదిని. "నీళ్లు వెనక్కి తీసేటప్పుడు వదులు. వాటితోపాటే బయటికొచ్చేస్తావ్. నన్నే చూడు."

అతను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఇంకో అల ముంచేసింది. నురగ తప్ప ఏమీ కనబడలేదు. ఆ కాసేపట్లో, ఒడ్డున ఉన్న చెల్లెలికి ఏమని చెప్పాలా అని ఆవిడ నిజంగానే మాటలు వెతుక్కుంది. నురగ విడింది. నీళ్లు తీస్తున్నాయి. "ఇప్పుడు," అంది. అతను వదిలాడు.

నీళ్లతోపాటు కొట్టుకొచ్చిన మనిషికి తన నడుముకు కట్టుకున్న, నీటి మీద తేలే ఫ్లోటు అందించింది. దగ్గర్లోని బండ ఎక్కేద్దామని అతను ఏడ్చినంత పని చేశాడు. ఆవిడ వినలేదు. లోతు నీళ్ల మీదుగా చుట్టూ తిప్పి, ఇసుక ఒడ్డుకు ఇరవై నిమిషాలు ఈడ్చుకొచ్చింది. దారి పొడుగునా మళ్లీ నీళ్లు ఎప్పుడు లేస్తాయోనని వెనక్కి చూస్తూనే ఉంది.

అరచేతులకీ తొడకీ కలిపి పంతొమ్మిది కుట్లు పడ్డాయి. చెల్లెలు అక్కతో మాట్లాడటం మానేసింది. అక్క ముందుకెళ్లకుండా ఆగిపోవడం ఒడ్డు నుంచి ఆమె కళ్లారా చూసింది. భర్త ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం చెల్లెలే కొలను దగ్గరికి వచ్చింది. పిల్లలు వెళ్లిపోయారు. అక్క తడి తువ్వాళ్లు ఆరేస్తోంది.

"భయపడి ఆగిపోయావా అక్కా?" అని అడిగింది.

"భయమే. అప్పట్నుంచీ ఈ కొలనులో కూడా మొహం ముంచలేకపోతున్నా. కానీ ఆగింది అందుకు కాదే. నేనూ వెళ్లుంటే నీకు ఇద్దరమూ మిగిలేవాళ్లం కాదు."

చెల్లెలు బుట్టలోంచి ఒక తువ్వాలు తీసి, రెండో కొస పట్టుకోమని అక్కకు అందించింది.