వాకిలికి వీపు

ఫ్యాక్షన్ రోజుల్లో మా వైపు ఎవరూ వాకిలికి వీపు పెట్టి కూర్చునేవారు కాదు. హోటల్లోనైనా, పెళ్లి భోజనాల్లోనైనా ముందు గోడవైపు కుర్చీలే నిండేవి. ప్రొద్దుటూరులో నేను దోసెలు తినే హోటల్లో గోడవైపు బెంచీలు అరిగి నున్నబడితే, ఎదుటివి కొత్తగానే ఉండేవి.

అలాంటి కాలంలో జమ్మలమడుగులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తానైన నేను, ఏళ్ల తరబడి గోడకు ముఖం, వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాను. కారణం చిన్నదే. ఎదురుగా మనుషుల ముఖాలు కదులుతుంటే నాకు పని సాగదు. గోడ కదలదు.

ఆఫీసులో ఎడమ వరుస ఒక పార్టీ, కుడి వరుస ఇంకో పార్టీ. నేను ఏ వరుసలోనూ లేను. ఎవరికీ నమస్కారం పెట్టను, పెట్టాలని తోచదు. పులివెందుల నుంచి వచ్చిన అటెండరు ఒకసారి నా వెనకే నిలబడి ఎవరితోనో అన్నాడు: "వీపు అట్ల పెట్టి కూచున్యాడంటే, ఆ వీపు ఎనక ఎంత పెద్దోడు ఉండాడో ఆలోచన చెయ్ మామా."

నా వీపు వెనక ఉన్నది ఆ అటెండరొక్కడే. పుణ్యం మీద నాకు నమ్మకం లేదు గానీ, ఆ మాట పుణ్యమా అని నన్నెవరూ కదిలించేవారు కాదు.

ఎన్నికల మైకుల మోత భరించలేక, చెవులు చూపించుకోవడానికి బెంగళూరు పోయాను. చెవులు బాగానే ఉన్నాయని చెవుల డాక్టరు నన్ను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె నా చిన్ననాటి సంగతులన్నీ అడిగి, ఇది ఆటిజం అంది. రోగం కాదు, నా మెదడు పుట్టుకతోనే అలా అల్లుకుందట. నాకు సంతోషమే వేసింది. పేరున్న దేనితోనైనా వాదించవచ్చు.

తిరిగొచ్చేసరికి కోస్తా నుంచి కొత్త ఆఫీసరు దిగి ఉన్నాడు. "వచ్చినవాళ్లకి మన ముఖం కనబడాలండీ" అని, సోమవారం నుంచి నా టేబులు వాకిలివైపు తిప్పమన్నాడు. ఆటిజం సంగతి చెబితే గోడ దక్కవచ్చు, పిచ్చివాడన్న ముద్రా పడవచ్చు. చెప్పకపోతే ఆ ముఖాల ముందు నా ఉద్యోగం నిలిచేది కాదు.

ఇంట్లో నా భార్య నవ్వింది. "బస్టాండులో మైకు పట్టుకోని దేవుడు ల్యాడని అరిచినోనివి, ఇది చెప్పేదానికి భయమా?"

"అది లేనిదాన్ని గురించి. ఇది ఉన్నదాన్ని గురించి."

"అయితే ల్యాదని చెప్పిరాపో."

వాదంలో నన్ను ఓడించింది ఈమె ఒక్కతే.

ముందుగా మా సూపరింటెండెంటుకు చెప్పాను. రెండు పార్టీలకూ కావలసిన పెద్దమనిషి ఆయన. నాకు ఆటిజం ఉందనగానే లేచి తలుపు మూశాడు.

"మనకు ఫ్యాక్షనిజం చాలదా అప్పా? మళ్ల ఈ ఇజం ఎవురు పెట్టినారు?"

"ఎవరూ పెట్టలేదు. ఇందులో చేరేది ఉండదు. పుట్టుకతో వస్తుంది. మధ్యలో మారడానికి లేదు."

"అయితే పార్టీనే గదా."

చాలాసేపు చెప్పాక ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అంటే నీ ఎనక ఎవురూ ల్యారా?"

"లేరు."

"ఇన్నేండ్లూ?"

"ఇన్నేళ్లూ."

ఆయన రుమాలు తీసి, నా తరఫున తన మెడ తుడుచుకున్నాడు. "ఎవురికీ చెప్పొద్దప్పా. ఈ భయం పోయిందంటే నీకు శానా కష్టం."

ఆ మాటే నన్ను పట్టుకుంది. లేని దేవుణ్ని చూపి జనాన్ని భయపెట్టడం తప్పని ఊరూరా చెప్పినవాణ్ని. లేని పెద్దమనిషిని వీపు వెనక పెట్టుకుని నేను మాత్రం ఎలా బతకను? సోమవారం పొద్దున, రెండు వరుసలూ వింటుండగా ఆఫీసరుకు చెప్పేశాను.

ఆఫీసరు మంచివాడు. అంతా విని, టేబులు అక్కడే ఉండనివ్వండన్నాడు. ఆ తర్వాత, చెవిటివాడితో మాట్లాడినట్లు గొంతు పెంచి, "మంచి... నీళ్లు... కావాలాండీ?" అని అడిగాడు.

ఇక భయం పోయి దయ మొదలైంది. రెండు పార్టీలూ జీవితంలో మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చాయి: పాపం, ఇతన్ని పలకరించాలి. వెనక నుంచి పిలిస్తే మర్యాద కాదని, ఒక్కొక్కరే నా టేబులుకూ గోడకూ మధ్య ఉన్న సందులోకి దూరి, నా ముఖంలో ముఖం పెట్టి, "బాగుండావా అప్పా?" అని అడిగిపోయారు. మధ్యాహ్నానికి అటెండరు పొట్ట ఆ సందులో ఇరుక్కుంది. కుడివాళ్లూ ఎడమవాళ్లూ కలిసి టేబులు లాగి అతన్ని బయటికి తీశారు. తీసినవాళ్లు, ఇంకా వచ్చేవాళ్లకు వీలుగా ఉంటుందని దాన్ని గోడకు దూరంగానే వదిలేశారు.

వాళ్లు టీకి పోగానే నేను లేచి, టేబులును గోడకు ఆనేదాకా నెట్టేశాను.